తూర్పు వరస

ఫ్రిజ్ పక్కన వేలాడుతూ ఉండాల్సిన తెలుగు క్యాలెండరు అక్కడ లేదు. అది చూడగానే చాముండేశ్వరికి పొద్దున్నే ఒళ్ళు మండింది.

"దాన్ని అక్కణ్ణుంచి కదపొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ? గ్యాసు బండ ఎప్పుడు మార్చానో దాని మీదే రాసుకుంటాను. ఏకాదశి ఎప్పుడో దాన్లోనే చూస్తాను."

"క్యాలెండరే కదా, కోహినూరు వజ్రం కాదుగా," అన్నాడు వెంకటరమణ రెండో సాక్సు కోసం సోఫా కింద వెతుకుతూ.

"వజ్రమైతే అడిగేదాన్నే కాదు. మనింట్లో ఉండని వస్తువు పోయిందని ఎందుకు ఏడుస్తాను?"

"ఇంత చిన్నదానికి ఇంత రభసా?"

"చిన్నదే. తీసినచోట పెట్టడం ఇంకా చిన్నది. అదీ చెయ్యరు."

హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అత్తగారు నరసాయమ్మ తలెత్తింది. "పొద్దున్నే ఏంటర్రా మీ గోల? వాణ్ణి నేనే తెమ్మన్నానమ్మాయ్. మూఢం ఎప్పుడు పడుతుందో చూడమన్నాను."

"మూఢంతో మనకేం పని అత్తయ్యా? పెళ్ళి చేస్తున్నామా, గృహప్రవేశం చేస్తున్నామా?"

వెంకటరమణ ఒక కాలికి సాక్సుతో అలాగే నిలబడిపోయాడు. నరసాయమ్మ తీసిన ఈనెనే మళ్ళీ తీస్తున్నట్టు వేళ్ళు కదిపింది. స్కూలు బ్యాగు భుజాన వేసుకుంటున్న మధులిక ముగ్గురినీ మార్చి మార్చి చూసి, "అమ్మకి ఇంకా చెప్పలేదా నాన్నా?" అంది.

అలా తెలిసింది చాముండేశ్వరికి, తాము అమెరికాలో ఒక ఇల్లు కొనబోతున్నామని.

ఊరు మారబోతున్నట్టు ఆమెకి ముందే తెలుసు. వాళ్ళిప్పుడు ఉంటున్న అరబ్బు దీవిలో, సిత్రా అనేచోట వెంకటరమణ పనిచేసే కంపెనీ కొత్త సంవత్సరంలో అతని కాంట్రాక్టు పొడిగించబోమని చెప్పేసింది. అదే పనికి అరిజోనాలో, మెస్కిట్ వెల్స్ అనే ఊళ్ళో కొత్తగా కట్టిన ఫ్యాక్టరీలో అతనికి ఉద్యోగం కుదిరింది. ఎండాకాలం మొదలయ్యేలోపు వెళ్ళాలి. అంతవరకూ అందరికీ సమ్మతమే. ఇల్లు సంగతే కొత్తది.

"కార్తీకం దాటితే మూఢం వచ్చేస్తుంది. మూడు నెలలదాకా మంచి పని చెయ్యకూడదు," అన్నాడు వెంకటరమణ గొంతు తగ్గించి. "అందుకని పంచమి నాడే అడ్వాన్సు కట్టేశాను. నీకు నెమ్మదిగా చెబుదామనుకున్నాను."

"పంచమి పోయి పౌర్ణమి కూడా వెళ్ళింది."

"చెబుదామనుకున్నప్పుడల్లా నువ్వు పనిలో ఉన్నావు."

"మరి మీ అమ్మగారికీ, మీ కూతురికీ పని లేదు కాబోలు!"

ఆయన డ్యూటీకి బయల్దేరాడు. ఆమె పచ్చడి జాడీ మూత గట్టిగా బిగించింది. ఆ పూట గొడవ అక్కడితో అయింది కానీ, గుబులు అప్పుడే మొదలైంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక భీమేశ్వరరావు ఫోన్ చేశాడు. అతనూ ఒకప్పుడు సిత్రాలోనే వెంకటరమణతో పనిచేసినవాడు. నిరుడు మెస్కిట్ వెల్స్ వెళ్ళి, అక్కడ అద్దెకుంటూ సొంత ఇల్లు ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తున్నాడు. వెంకటరమణ చేత అడ్వాన్సు కట్టించింది అతనే.

"చెల్లెమ్మా! వీధికి ఇవతల పక్కంతా కొన్నది మనవాళ్ళే," అన్నాడు స్పీకర్లో. "అవతల పక్కంతా అమెరికా వాళ్ళు. ఎందుకో చెప్పుకో చూద్దాం?"

"మీరే చెప్పండి అన్నయ్యా."

"ఇవతల ఇళ్ళన్నీ తూర్పు ముఖం! గుంటూరు వాళ్ళు, ఖమ్మం వాళ్ళు, మేము, రేపు మీరు. బిల్డరు ఆఫీసులో పిల్ల తల పట్టుకుంది. మీ వాళ్ళందరికీ పొద్దుటి ఎండంటే అంత ఇష్టమా అంటుంది."

అందరూ నవ్వారు. నరసాయమ్మ అయితే కళ్ళు తుడుచుకుంది. చాముండేశ్వరి కూడా నవ్వి, "నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయన్నయ్యా?" అని అడిగింది.

"పంపులోంచి!" అన్నాడు భీమేశ్వరరావు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

ఆమె నవ్వలేదు.

వెంకటరమణది కోనసీమ. పుట్టిన ఊళ్ళో పెరట్లో అడుగు దూరంలో పంటకాలువ. చెయ్యి కడుక్కోవాలంటే కాలువ, గేదె మునగాలంటే కాలువ. వేసవిలో లాకులు కట్టేసిన నాలుగు రోజులనే వాళ్ళు కరువనేవారు. చాముండేశ్వరిది కనిగిరి వైపు. అక్కడ నేల కింద నీళ్ళు దొరికితే ఫ్లోరైడు, దొరక్కపోతే రాళ్ళపొడి. ఆమె తండ్రి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించేవాణ్ణి నమ్మి బోరు మీద బోరు వేయించాడు. బోరు బండి వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ చేలో నిలబడి పైకి లేచే దుమ్ము తడవడం కోసం చూసేవారు. అది తడిసేది కాదు. ట్యాంకరు హారను వినిపిస్తే కాలేజీ పుస్తకం మూసి బిందెతో పరిగెత్తిన రోజులు ఆమెకి ఇంకా కాళ్ళల్లో ఉన్నాయి. కాపురానికి వెళ్ళిన కొత్తలో, అత్తగారు బియ్యం కడిగిన నీళ్ళు అలా పారబోస్తుంటే ఆమెకి గుండె కలుక్కుమనేది.

అలాంటి మనిషికి ఇంటి ముఖం ఎటున్నా, ముందుగా వచ్చేది నీళ్ళ ఆలోచనే.

ఆమె డిగ్రీలో చరిత్ర చదువుకుంది. ఒక ఊరికి కాపురానికి వెళ్ళేముందు దాని పూర్వాపరాలు తెలుసుకోవాలన్నది ఆమె పట్టుదల. మర్నాడు అందరూ వెళ్ళాక, పోపు వేగుతుండగా ఫోన్లో మెస్కిట్ వెల్స్ గురించి వెతకడం మొదలుపెట్టింది. మ్యూజియం వాళ్ళు పెట్టిన పాత ఫొటోలు దొరికాయి. వందల ఏళ్ళ కిందట అక్కడి మూలవాసులు కర్రలతో తవ్విన కాలువలు, వాటిని వదిలి వాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో ఎవరికీ సరిగ్గా తెలియకపోవడం, ఆ పాత కాలువల జాడలోనే తర్వాత వచ్చినవాళ్ళు మళ్ళీ తవ్వుకోవడం. ఆ తర్వాత పత్తి. పత్తి ఏరడానికి అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చి గుడారాల్లో ఉన్న కుటుంబాలు. ఒక రైలు పట్టా, ఒక చర్చి, ఒక బడి. చాలాకాలం ఊరంతా అంతే. మధులిక పుట్టిననాటికి కూడా అంతే. ఇప్పుడు ఫ్యాక్టరీ వచ్చింది, పత్తిచేలల్లో ఇళ్ళు మొలిచాయి, బడిలో చోటు చాలక డబ్బాల్లాంటి గదుల్లో పాఠాలు చెబుతున్నారు.

ఊరి కౌన్సిలు మీటింగుల వీడియోలు కూడా దొరికాయి. మిగతా ఆడవాళ్ళు సీరియళ్ళు చూసినట్టు ఆమె వాటిని చూడసాగింది. కొద్దిరోజులకే అందరూ పరిచయమైపోయారు. ఎవరేమన్నా "థాంక్యూ" తప్ప మరో మాట అనని మేయరు, చెత్తబండి తన వీధిలోకి ఆలస్యంగా వస్తోందని ప్రతిసారీ లేచే బట్టతలాయన, ఎప్పుడూ మొదటి వరసలో కూర్చునే లోరెటా అనే ముసలావిడ. ఆవిడ తాతది పత్తి సేద్యం.

"మా తాత బావి తవ్వితే నీళ్ళు ఇంటి ఎత్తు లోతులో పడ్డాయి," అని చెబుతుందావిడ మైకు ముందు వణుకుతూ. "మా నాన్న కాలానికి చర్చి గోపురమంత లోతు. ఇప్పుడు నా పొలంలో నేల బీటలిచ్చి లోపలికి దిగిపోతోంది. మీరేమో ఇళ్ళకి అనుమతులిస్తున్నారు."

"థాంక్యూ," అంటాడు మేయరు.

చాముండేశ్వరికి ఆ ముసలావిడ మొహంలో తన తండ్రి కనిపించాడు. వేగుతున్న ఆవాలు మాడి, ఇల్లంతా పొగ కమ్మింది.

"అమ్మా, నువ్వు అమెరికా పంచాయితీ చూస్తున్నావా?" అంది మధులిక స్కూలు నుంచి వచ్చి. "నాకు మేడ మీద గది ఇస్తానన్నారు నాన్న. దాన్ని చెడగొట్టకు, ప్లీజ్."

శనివారం ఆమె వంతెన దాటి, సముద్రపు ఒడ్డునున్న గలాలీ వెళ్ళింది, స్నేహితురాలు వీరవేణి దగ్గరికి. వీరవేణిది తుని. సల్మానియా ఆసుపత్రిలో నర్సు. గలాలీలో ఒక పాత ఇంటి కింది వాటాలో అద్దెకుంటోంది. ఇంటివాళ్ళ ముసలమ్మ గుమ్మంలో కూర్చుని ఖర్జూరాలు వేరుచేస్తోంది. ఎదురుగా సముద్రం ఉండాల్సిన చోట పోసిన మట్టి మీద కొత్త విల్లాలు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఏంటే ఆ మొహం? మూడు రోజులు నైట్ డ్యూటీ చేసిన నాకంటే వాడిపోయావు," అంది వీరవేణి చాయ్ ఇస్తూ.

చాముండేశ్వరి అంతా చెప్పింది. ముసలమ్మ తెలియని భాషలోని ఆ ఆందోళనని చూసి, ఏమిటని వీరవేణిని అడిగింది. వీరవేణి తనకొచ్చిన అరబ్బీలో రెండు ముక్కలు చెప్పింది. ముసలమ్మ చాలాసేపు మాట్లాడి, చెయ్యి సముద్రం వైపు చూపించింది.

"ఏమంటుంది?"

"ఆవిడ చిన్నప్పుడు సముద్రం అడుగున కూడా తియ్యనీళ్ళ ఊటలుండేవట. మగాళ్ళు తోలుసంచితో మునిగి, ఊట మూతి దగ్గర పట్టి తెచ్చేవాళ్ళట. ఒడ్డున తోటలు, చెలమలు కూడానట. అన్నీ పోయాయట." వీరవేణి ఆగి నవ్వింది. "అయినా ఇక్కడ సముద్రాన్నే మంచినీళ్ళు చేసి పంపిస్తున్నారుగా. నీళ్ళు లేవని ఎవరేడ్చారు?"

"ఇక్కడ సముద్రముంది వేణీ. ఆ ఊరికి ఏముంది?"

"నువ్వు నీళ్ళ డిపార్టుమెంటులో పుట్టాల్సినదానివి. సరే, ఒక్కటి చెప్పు. ఆ ఇంటికి మొగుడు సంతకం ఒక్కటీ చాలదు, పెళ్ళాంది కూడా కావాలన్నావు కదా?"

"అవును, ఆ రాష్ట్రంలో అంతేనట."

"మరింకేం? పెట్టు, లేకపోతే మానెయ్యి. మధ్యలో ఇలా చిక్కిపోతే మాత్రం నేనూరుకోను. సెలైన్ ఎక్కించాల్సింది నేనే."

ఇంటికొచ్చేటప్పుడు వంతెన మీద కారు నడుపుతూ ఆమె అదే ఆలోచించింది. పెట్టడమూ మానడమూ వీరవేణి అన్నంత సులువు కాదు. మానితే మొగుడి మాట పోతుంది. మంచిరోజున మొదలుపెట్టిన పని ఆపితే అత్తగారి దృష్టిలో అరిష్టం. పెడితే, తన కూతురి చేతికి బిందె.

బుధవారం పొద్దున్న కొత్త మీటింగు వీడియో వచ్చింది. చాముండేశ్వరి కూరగాయలు ముందేసుకుని కూర్చుంది. చెత్తబండి ఆయన అయ్యాడు, లోరెటా అయింది. తర్వాత చంకలో పిల్లాడితో ఒక పడుచు మైకు దగ్గరికి వచ్చింది. కాలువ పక్కన వేసిన పెద్ద లేఅవుటు అవతల, రోడ్డు దాటాక కట్టిన ఇళ్ళలో ఉంటోందట.

"మాకు ఇల్లు అమ్మినప్పుడు పైపు వస్తుందన్నారు," అందా పిల్ల. "ఇప్పటికీ ట్యాంకరే. మొన్న ట్యాంకరు రాలేదు. వీడికి పేపరు ప్లేట్లలో తిండి పెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాను."

దానికి కౌన్సిలు ప్లీడరు చెప్పిన జవాబుని చాముండేశ్వరి రెండుసార్లు వింది. పెద్ద లేఅవుటు వేసి అమ్మేవాళ్ళు నూరేళ్ళకి సరిపడా నీళ్ళున్నాయని రుజువు చూపాలి, అది చట్టం. కాలువ పక్క లేఅవుటుకి ఆ రుజువు ఉంది. రోడ్డవతల నేలని మాత్రం నాలుగేసి ఇళ్ళ ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఒక్కో పేరు మీద అమ్ముతున్నారు. అలా అమ్మితే ఆ చట్టం వర్తించదు. ఊరు నీళ్ళిచ్చే పూచీ కూడా లేదు.

తెర మీద అమ్ముడైన ఇళ్ళకి రంగులేసిన మ్యాపు వేశారు. రోడ్డవతల, కొండ వైపు వీపు పెట్టి తూర్పుకి తిరిగి ఉన్న ఇళ్ళ వరస. భీమేశ్వరరావు పంపిన ఫొటోలో వీధి పేరూ అదే.

అప్పుడర్థమైంది ఆమెకి. కాలువ పక్క లేఅవుటులో తూర్పు ముఖం ఇళ్ళు ముందే అయిపోయాయి. మిగిలినవి పడమర, దక్షిణం. వాటిని మనవాళ్ళు ముట్టుకోలేదు. తూర్పు కోసం రోడ్డు దాటారు. ఒకరిని చూసి ఒకరు, మంచిరోజు చూసుకుని మరీ, నీళ్ళు లేని నేల మీద వరసగా అడ్వాన్సులు కట్టారు. పంచాంగం చూసినవాళ్ళలో ఒక్కరూ పైపు ఎక్కడుందని చూడలేదు.

సాయంత్రం వెంకటరమణకి వీడియో చూపించింది. అతను నిలబడే చూశాడు.

"అది పక్క వీధి," అన్నాడు. "మనకి పైపు వేస్తారు. భీమేశ్వరరావు కనుక్కున్నాడు."

"ఎవర్నడిగి కనుక్కున్నాడండీ? అమ్మేవాణ్ణా?"

"నూరేళ్ళకి నీళ్ళు లెక్కగట్టే దేశమే అది! మనూళ్ళో రేపటికి కూడా ఎవడూ పూచీ పడడు. అలాంటిచోట ట్యాంకర్లంటావేంటి?"

"ఆ పూచీ కాలువ పక్కనే ఉంది. మన వరసకి లేదు. ఆ ప్లీడరు నోటితోనే చెప్పాడు, వినండి."

"నీకు చిన్నప్పటి భయం చాముండీ. అది ఎక్కడికెళ్ళినా నీతోనే వస్తుంది."

ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. నిజమేమో అన్న అనుమానం దానికంటే లోతుగా దిగింది. తనకి అన్నిచోట్లా ఎండిన బోర్లే కనిపిస్తున్నాయా? ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇంజనీర్లు, తప్పు చేస్తారా?

గురువారం సాయంత్రం ఇద్దరూ సామాన్లు కొనడానికి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు వెంకటరమణ సిత్రా వంతెన దగ్గర కారు పక్కకి ఆపాడు. దూరంగా నూనె ట్యాంకుల మీద దీపాలు వెలుగుతున్నాయి.

"ఇవాళ ఆఫీసులో నాకు వీడ్కోలు కేకు కోశారు," అన్నాడు. "కొత్త సంవత్సరంలో నా కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఆ కుర్రాడే కోయించాడు. మంచివాడే. సార్, మీరు వెళ్ళాక మీ నంబరు అడగొచ్చా అన్నాడు."

ఆమె ఒళ్ళోని సంచి కింద పెట్టి అతని వైపు తిరిగింది.

"యాభై దాటాను. గోడకి రంగు వేయించాలంటే ఓనర్ని అడగాలి. ఉద్యోగం పోతే దేశమే వదిలిపోవాలి. అమ్మ పొద్దున్న లేచి నీళ్ళు జల్లి ముగ్గేసుకోడానికి ఒక గుమ్మం చూపిద్దామనుకున్నాను. అంతే. ఆవిడకీ ఎంతో టైము లేదు." అద్దంలోంచి ఎటో చూస్తూ అన్నాడు. "రేపు సంతకం పెట్టకపోతే ఎల్లుండి నుంచి మూఢం. మళ్ళీ మూడు నెలలు. అప్పటికి ఆ ఇల్లూ ఉండదు."

ఇన్నాళ్ళూ అతనిది మొండితనం అనుకుంది. అతనికీ తనలాగే భయమని ఆ క్షణాన తెలిసింది. ఆమెకి నీళ్ళంటే, అతనికి గడపంటే. అది తెలిశాక కోపం పోయింది కానీ, నీళ్ళ భయం పోలేదు. ఇంటికి వచ్చాక వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుని, బిల్డరు ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతల అప్పుడే ఆఫీసు తెరిచారు. చాలాకాలంగా వాడని ఇంగ్లీషు మొదట తడబడింది, తర్వాత గాడిన పడింది. అడగాల్సినవన్నీ అడిగింది.

శుక్రవారం ఇల్లంతా నెయ్యి వాసన. నరసాయమ్మ తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, స్వయంగా పరమాన్నం వండింది. వర్జ్యం పోయాక, భోజనాలయ్యాక, సంతకాలు. డైనింగు టేబులు చివర లాప్‌టాప్ తెరిచి ఉంది. దానికి కూడా ఆవిడ కుంకుమబొట్టు పెట్టింది.

"కంప్యూటరుకి బొట్టేంటి మామ్మా? వైరస్ రాకుండానా?" అంది మధులిక.

"నోరుముయ్యవే. ఇంటి కాగితం అందులోంచే వస్తుందంట కదా."

చాముండేశ్వరి అందరికీ ముద్దపప్పు, బెండకాయ పులుసు వడ్డించింది. రోజూ అందరూ లేచాక కూర్చునే మనిషి, ఈ రోజు తనూ కంచం పెట్టుకుని కూర్చుంది. వెంకటరమణ వింతగా చూశాడు. ఆమె అన్నం కలిపింది కానీ ముద్ద ఎత్తలేదు.

"నేను ఆ ఇంటికి సంతకం పెట్టడం లేదండీ," అంది.

మధులిక చెంచా కంచంలో పడింది. "అమ్మా!"

"ఏమైందే నీకు?" అన్నాడు వెంకటరమణ. "నిన్న అంత చెబితే..."

"నిన్న చెప్పారు కాబట్టే. మీకు ఇల్లు కావాలి. వద్దనను. కాలువ పక్క లేఅవుటులో ఒకటుంది. నిన్న ఆఫీసు వాళ్ళతో మాట్లాడాను. దానికి నీళ్ళ రుజువుంది, మీటరుంది, మేడ మీద గదుంది. రెండూ కట్టేది వాళ్ళే కాబట్టి, మీరిచ్చిన అడ్వాన్సు దానికి మారుస్తారట. కాగితాలు సోమవారానికి గానీ తయారవ్వవు."

"అది తూర్పేనా?" అంది నరసాయమ్మ.

"పడమర ముఖం అత్తయ్యా."

నరసాయమ్మ చెయ్యి నెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. "పడమరా! సోమవారమంటే మూఢంలోనా! మంచిరోజున మొదలెట్టిన పని కాదని, మూఢంలో పడమటింటికి సంతకమా? ఇంట్లో ఎవరికన్నా ఏదన్నా అయితే ఎవరే అమ్మాయ్ దిక్కు?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. రాత్రంతా దానికే భయపడింది. తనకి మాత్రం నమ్మకాలు లేవా? ఇంటి గుమ్మానికి మామిడాకులు కట్టకుండా ఏ పండగైనా గడిపిందా? అయినా కంచం పక్కకి జరిపి అత్తగారి వైపు తిరిగింది.

"ఏదన్నా అయితే నా పేరు చెప్పండి అత్తయ్యా. మధుకి మార్కులు తగ్గినా, ఆయన ఉద్యోగం ఊగినా, మీ మోకాలు నొప్పి పెరిగినా కోడలు చేసిందనే చెప్పండి. మన వాళ్ళంతా ఆ వరసలో ఉండి, మనం ఒక్కళ్ళమే ఇటుంటే వాళ్ళూ అంటారు. అననివ్వండి. జీవితాంతం పడతాను."

వెంకటరమణ ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"మీరు కాలువ పక్కన పుట్టారు. కాలువ పక్కనే ఉందురుగాని," అంది అతనితో. తర్వాత లాప్‌టాప్ మూత వేసి, పప్పు గిన్నెకి చోటు చేసింది. "ఇవాళ సంతకాల్లేవు. సోమవారం ఆ పడమటింటికి పెడుతున్నాం."